వెలుగే కూడుగా బతికే ఆల్చిప్ప

ఇంట్లో చిన్న రీఫ్ ట్యాంక్ (పగడాలు పెంచే ఉప్పునీటి అద్దాల తొట్టి) పెట్టుకున్నవాళ్ళ నుంచి ఈ నెల మాకు ఎక్కువగా వచ్చినవి క్లామ్ గురించిన ప్రశ్నలే. క్లామ్ అంటే ఇక్కడ ట్రైడాక్నా జాతుల ఆల్చిప్ప. రెండు చిప్పల మధ్య నుంచి నీలం, ఆకుపచ్చ, ఊదా రంగుల్లో బయటికి పరుచుకునే కండ పొరను మాంటిల్ అంటారు. ఆ పొరలో కాపురముండే సూక్ష్మమైన నాచు వెలుగుతో చక్కెరలు తయారుచేసి ఆల్చిప్పకు తిండి పెడుతుంది. ఈ సంగతి గుర్తుంచుకుంటే కింది జవాబుల్లో సగం మీకే తడతాయి.

ప్రశ్న: మా ట్యాంక్ 20 గ్యాలన్లది, ఎనిమిది నెలలుగా నడుస్తోంది. రెండు క్లౌన్ చేపలు, కొన్ని మెత్తటి పగడాలు ఉన్నాయి. దుకాణంలో రెండంగుళాల డెరాసా క్లామ్ చవగ్గా ఇస్తామంటున్నారు. తీసుకోవచ్చా? (డాలస్)

ఎనిమిది నెలల వయసు ఫరవాలేదు. ఆరు నెలలు దాటని ట్యాంక్‌లో క్లామ్ వద్దనే చెబుతాం. అప్పటికి నీటి రసాయనం ఇంకా ఊగుతూ ఉంటుంది, క్లామ్‌కు ఆ ఊగిసలాట పడదు. ఇక్కడ అభ్యంతరమల్లా డెరాసా జాతితోనే. అది మొండిది, తక్కువ వెలుగులోనూ బతుకుతుంది, అందుకే కొత్తవాళ్ళకు దాన్ని చూపిస్తారు. కానీ మంచి వెలుగులో ఏడాదికి రెండంగుళాలకు పైగా పెరగగలదు, పూర్తిగా ఎదిగితే అడుగున్నర. మీ ట్యాంక్ వెడల్పు బహుశా పన్నెండు అంగుళాలు. ఏం జరుగుతుందో మీరే ఊహించుకోవచ్చు. స్క్వామోసా సంగతీ ఇంతే, అది 40 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది.

చిన్న ట్యాంక్‌కు సరిపోయే జాతులు రెండే: క్రోషియా, మాక్సిమా. క్రోషియా అన్నిటికన్నా చిన్నది, ఆరంగుళాలు మించడం అరుదు. సైజు చూస్తే అదే మీకు తగినది. చిక్కల్లా దాని స్వభావంలో ఉంది. సముద్రంలో అది రాతిని తొలుచుకుని లోపల కూర్చుంటుంది. కాబట్టి పట్టేవాళ్ళు రాతిని పగలగొట్టి తీస్తారు, ఆ పనిలో అడుగున ఉండే పాదం చిరుగుతుంది. పాదం చిరిగిన క్లామ్ మొదటి రెండు మూడు వారాలు బాగానే కనిపించి, ఆ తర్వాత పోతుంది. చిన్న రాతిముక్కను పట్టుకుని ఉన్న క్రోషియా దొరికితే తీసుకోండి. లేదంటే పెంపక కేంద్రంలో పుట్టిన రెండున్నర, మూడంగుళాల మాక్సిమా మేలు. అది నెమ్మదిగా పెరుగుతుంది. అయినా కొన్నేళ్ళలో ఎనిమిది అంగుళాలకు చేరవచ్చు గనుక, అప్పటికి పెద్ద ట్యాంక్ కావాలని ఇప్పుడే లెక్కలో వేసుకోండి.

కొనేముందు అక్కడే నాలుగు పరీక్షలు చెయ్యండి. చేతి నీడ మాంటిల్ మీద పడగానే చటుక్కున ముడుచుకోవాలి. నీరు లోపలికి పీల్చే రంధ్రం సన్నటి చీలికలా ఉండాలి, నోరు తెరిచినట్టు వెడల్పుగా ఉంటే వద్దు. చిప్ప అంచున తెల్లటి కొత్త గీత కనిపించాలి, అది ఇటీవలి పెరుగుదలకు గుర్తు. చివరగా కిందివైపు తిప్పి చూపించమనండి. పాదం బయటికి వేలాడుతున్నా, చిరిగి ఉన్నా బేరం అక్కడితో ఆపెయ్యండి. రెండంగుళాలకన్నా చిన్నవి ఎంత ముద్దొచ్చినా కొనకండి, వాటిలో నిల్వశక్తి తక్కువ.

పసిఫిక్‌లోని పలావు దీవుల్లో 1980ల నుంచే క్లామ్‌లను పొదిగించి పెంచుతున్నారు, అలాంటి చోట్ల పుట్టినవే అడగండి. 2024 జూలైలో అమెరికా సముద్ర సంస్థ నోవా ఈ జాతులను అంతరించే జాతుల చట్టం కిందికి తేవాలని ప్రతిపాదించింది. ఆ నిబంధన ఇప్పుడు ఏ దశలో ఉందో చూసుకుని, రసీదులో జాతి పేరు, పుట్టిన చోటు రాయించుకోండి.

ప్రశ్న: మాక్సిమా తెచ్చి ఇసుక మీద పెట్టాను. నాలుగు రోజులైనా సగమే తెరుచుకుంటోంది. వెలుగు చాలడం లేదా, ఎక్కువైందా? (ఎడిసన్, న్యూజెర్సీ)

రెండూ కావచ్చు, అందుకే కంటితో అంచనా వేయకుండా కొలవాలి. ఎల్‌ఈడీ నీలం వెలుగు మన కంటికి మసకగా కనిపిస్తుంది, క్లామ్‌కు అదే మండుటెండ కావచ్చు. నాచు వాడుకోగల వెలుగును (పార్) కొలిచే పార్ మీటర్‌ను కొన్ని దుకాణాలు అద్దెకిస్తాయి, ఒక్క రోజుకు తెచ్చుకుంటే చాలు. క్లామ్ కూర్చున్న చోట మాక్సిమాకు, క్రోషియాకు పార్ 250 నుంచి 400 మధ్య ఉండాలి. డెరాసా, స్క్వామోసాలకు 150 నుంచి 200 చాలు.

కొలవడానికి వీలు లేకపోతే మాంటిల్‌నే అడగండి. వెలుగు చాలకపోతే అది చిప్ప అంచు దాటి బాగా సాగుతుంది, వారాల్లో రంగు గోధుమకు తిరుగుతుంది. వెలుగు ఎక్కువైతే ముడుచుకుని సగంలో ఆగిపోతుంది, తర్వాత మధ్యలో తెల్లటి మచ్చలు పడతాయి. మీ వర్ణన రెండోదానికి దగ్గరగా ఉంది. అయితే నాలుగు రోజులంటే ప్రయాణపు బడలిక కూడా తీరలేదు.

వెలుగును ఇప్పుడున్న దానిలో సగానికి దించండి. వారానికి పదిశాతం చొప్పున పెంచుతూ నాలుగైదు వారాల్లో పూర్తి స్థాయికి రండి. రోజుకు తొమ్మిది పది గంటలు చాలు. వెలుగు తక్కువైందేమోనన్న కంగారులో క్లామ్‌ను రోజుకో చోటికి మార్చడం మాత్రం చెయ్యకండి. చాలా క్లామ్‌లు వెలుగు వల్ల కన్నా ఈ మార్పుల వల్లే నీరసిస్తాయి.

ఇసుక సంగతి: మాక్సిమా రాతిని పట్టుకునే జీవి. ఇసుకలో వట్టిగా పెడితే పాదానికి ఆధారం దొరకదు, కిందినుంచి పురుగులు, పీతలు చేరే వీలుంటుంది. అరచేయంత చదునైన రాతిపలకను ఇసుకలో అంగుళం లోతున పాతి, దాని మీద కూర్చోబెట్టండి. పక్కల ఇసుకే ఉన్నా పాదం రాతిని పట్టుకుంటుంది. పైగా రేపు చోటు మార్చాలన్నా పలకతో సహా ఎత్తవచ్చు.

ప్రవాహం కూడా ఓసారి చూడండి. పవర్‌హెడ్ (నీటిని కదిలించే చిన్న పంపు) ధార సూటిగా తగిలితే మాంటిల్ ఒకవైపు మడతపడి ఉంటుంది. అంచు మెల్లగా అలలాడేంత కదలిక చాలు.

ప్రశ్న: ఎక్కడ పెట్టినా తెల్లారేసరికి దొర్లి కింద పడుతోంది. జిగురుతో అంటించవచ్చా? (సింగపూర్)

అంటించకండి. క్లామ్ తనకు తానే పట్టుదారాల్లాంటి పోగులు తీసి రాతిని పట్టుకుంటుంది, దానికి మూడు నుంచి ఏడు రోజులు పడుతుంది. అంతవరకు కదలకుండా చుట్టూ చిన్న రాళ్ళు పేర్చండి, లేదా లోతున్న ఖాళీ చిప్పలో కూర్చోబెట్టండి. రాళ్ళు చిప్పలు తెరుచుకోవడానికి అడ్డు రాకూడదు. వారం దాటినా పట్టుకోలేదంటే ఆ చోటు దానికి నచ్చలేదన్నమాట, వెలుగో ప్రవాహమో సరిచూడండి. అంటుకున్న క్లామ్‌ను ఎప్పుడూ లాగకండి. పోగులను రాతికి దగ్గరగా సన్నటి బ్లేడుతో కోయాలి. లాగితే పోగులతో పాటు పాదం ఊడి వస్తుంది, ఆ గాయం మానదు.

ప్రశ్న: నైట్రేట్ సున్నా, ఫాస్ఫేట్ సున్నా. నీళ్ళు అద్దంలా ఉన్నాయి. అయినా క్లామ్ రంగు వెలిసిపోతోంది. ఫైటోప్లాంక్టన్ (నీటిలో తేలే సూక్ష్మ నాచు) సీసా కొని పోయాలా? (ఆస్టిన్)

ఆ సున్నాలే మీ జబ్బు. మాంటిల్‌లోని నాచుకు నత్రజని కావాలి. క్లామ్ తన విసర్జనలోంచి కొంత ఇస్తుంది, మిగతాది నీళ్ళ నుంచే పీల్చుకోవాలి. అందుకే నైట్రేట్ 2 నుంచి 10 పీపీఎం (పదిలక్షలకు పాళ్ళు), ఫాస్ఫేట్ 0.03 నుంచి 0.1 మధ్య ఉంచమంటాం. ఫాస్ఫేట్‌ను పట్టే మందు వాడుతుంటే ముందు అది తీసెయ్యండి. చేపలకు మేత రోజుకు ఒక పూట పెంచండి. రెండు మూడు వారాల్లో రంగు తిరిగి రావడం మొదలవుతుంది.

ఫైటోప్లాంక్టన్ సంగతి. క్లామ్ నీటిని వడకట్టి సూక్ష్మజీవులను తింటుంది, అది నిజమే. రెండంగుళాల లోపు పిల్లలకు దానివల్ల ఉపయోగం ఉంటుంది. మూడంగుళాలు దాటినదానికి సరైన వెలుగు ఉంటే సీసా అవసరం లేదు. వెలుగు చాలని చోట సీసాలతో నెట్టుకురావాలని చూస్తే క్లామ్ నెమ్మదిగా పోతుంది, మిగిలిన మేత కుళ్ళి నీళ్ళు పాడవుతాయి. మా అభిప్రాయంలో ఆ డబ్బుతో పార్ మీటర్ అద్దెకు తెచ్చుకోవడం మేలు.

ప్రశ్న: రాళ్ళు పోగా మా ట్యాంక్‌లో 65 లీటర్ల నీళ్ళున్నాయి. క్లామ్, కొన్ని గట్టి పగడాలు పెట్టాక కేహెచ్ (నీటిలో కార్బొనేట్ల కొలత) రోజుకు 0.4 చొప్పున పడిపోతోంది. నీళ్ళు మార్చి సరిచేయవచ్చా? రసాయనాలు పోయాలంటే ఎంత పోయాలి? (టొరంటో)

రోజుకు 0.4 అంటే వారానికి 2.8. వారానికి పదిహేను శాతం నీళ్ళు మార్చినా అది పూడదు, పైగా మార్చిన రోజు ఒక్కసారిగా ఎక్కి మళ్ళీ జారుతుంది. చిన్న ట్యాంక్‌లో క్లామ్‌ను చంపేది తరచుగా ఈ ఎక్కిదిగడమే. కేహెచ్ 7.5 నుంచి 9 మధ్య ఏదో ఒకచోట నిలకడగా ఉండాలి, రోజుకు 0.3 కన్నా ఎక్కువ కదలకూడదు. క్యాల్షియం 400 నుంచి 450 పీపీఎం, మెగ్నీషియం 1,250 నుంచి 1,350 పీపీఎం, ఉప్పదనం 35 పీపీటీ (వెయ్యికి పాళ్ళు), వేడి 25 నుంచి 27 డిగ్రీలు.

ఇక లెక్క. 100 లీటర్లలో కేహెచ్‌ను 1 పెంచడానికి వంటసోడా దాదాపు 3 గ్రాములు కావాలి. మీ 65 లీటర్లకు, 0.4కు 0.78 గ్రాములు. కేహెచ్ 1 ఖర్చయినప్పుడు దాంతోపాటు క్యాల్షియం సుమారు 7 పీపీఎం పోతుంది. దాన్ని పూడ్చడానికి రెండు నీటి అణువులున్న క్యాల్షియం క్లోరైడ్ మీకు రోజుకు 0.68 గ్రాములు పడుతుంది. ఇంత చిన్న తూకాలు రోజూ వేయడం కష్టం గనుక ద్రావణం చేసి పెట్టుకోండి. ఒక లీటరు ఆర్‌ఓ-డీఐ (లవణాలు తీసేసిన శుద్ధ) నీటిలో 78 గ్రాముల వంటసోడా ఒక సీసా, మరో లీటరులో 68 గ్రాముల క్యాల్షియం క్లోరైడ్ ఇంకో సీసా. ఒక్కోదాని నుంచి రోజుకు 10 మిల్లీలీటర్లు.

రెండూ ఒకేసారి, ఒకేచోట పోయకండి. కలిసిన చోట సున్నపు తెల్లటి మడ్డి పేరుకుని, పోసినదంతా వృథా అవుతుంది. ఒకటి పొద్దున, ఒకటి సాయంత్రం, ప్రవాహం బాగా ఉన్నచోట పోయండి. వంటసోడా అన్నది వంటసోడాయే కావాలి, బేకింగ్ పౌడర్ కాదు. క్యాల్షియం క్లోరైడ్ నీళ్ళలో కలిపినప్పుడు వేడి పుడుతుంది, కొద్దికొద్దిగా వేస్తూ కలపండి. ఇలా పోస్తూ ఉంటే నెలల మీద ఉప్పదనం కాస్త పెరుగుతుంది, వారానికోసారి రిఫ్రాక్టోమీటర్‌తో చూడండి. మొదటి రెండు వారాలు కేహెచ్ రోజూ ఒకే వేళకు కొలిచి, 10 మిల్లీలీటర్లను అటూఇటూ సవరించుకోండి. క్లామ్ పెరిగేకొద్దీ ఈ అంకె పెరుగుతుందని మర్చిపోకండి.

కొళాయి నీరు మాత్రం ఎప్పుడూ వద్దు. రాగి గొట్టాల నుంచి వచ్చే కొద్దిపాటి రాగి కూడా క్లామ్‌కు విషమే. చేపల జబ్బులకు వాడే రాగి మందు కూడా ఈ ట్యాంక్‌లో పడకూడదు.

ప్రశ్న: రాత్రి టార్చి వేసి చూస్తే చిప్ప అంచు మీద బియ్యపు గింజల్లాంటి తెల్ల నత్తలు కనిపించాయి. మాంటిల్ కూడా కొన్నిచోట్ల నొక్కేసినట్టు ముడతపడుతోంది. ఇవి రెండూ ఒకటేనా? (లండన్)

వేర్వేరు సంగతులు. రెండూ ప్రమాదమే, మందు మాత్రం వేరు.

ముందు నత్తలు. పొడుగ్గా, కోసుగా, రెండు మూడు మిల్లీమీటర్లు ఉంటే అవి పిరమిడెల్లా నత్తలు. పగలు చిప్ప కింద, పాదం దగ్గర దాక్కుని, రాత్రి పైకెక్కి సూదిలాంటి తొండంతో క్లామ్ రసం పీలుస్తాయి. అదే సైజులో గుండ్రంగా ఉండి అద్దం మీద, రాళ్ళ మీద తిరిగేవైతే నాచు తినే సాధు నత్తలు, వాటిని చంపకండి. పిరమిడెల్లా అని తేలితే క్లామ్‌ను పలకతో సహా ట్యాంక్ నీళ్ళున్న గిన్నెలోకి తీసి, మెత్తటి టూత్ బ్రష్‌తో చిప్పలు రెండూ, మడతల సందులూ రుద్దండి. పాదం రంధ్రాన్ని బ్రష్ తాకకూడదు, అక్కడున్నవాటిని పట్టకారుతో ఏరండి. చిప్ప కిందిభాగంలో పారదర్శకమైన జిగురు చుక్కలు వాటి గుడ్లు. అవి వదిలేస్తే పది రోజుల్లో కథ మళ్ళీ మొదటికొస్తుంది. వారానికి రెండుసార్లు చొప్పున కనీసం ఆరు వారాలు చెయ్యండి. సిక్స్‌లైన్ రాస్ చేప వీటిని కొంత తింటుంది కానీ దాని మీదే భారం వేయకండి.

ఇక మాంటిల్ ముడత. అంచు అక్కడక్కడా తాడుతో బిగించినట్టు లోపలికి నొక్కుకుని, రోజురోజుకీ ఎక్కువవుతుంటే దాన్ని పించ్డ్ మాంటిల్ అంటారు. ఏకకణ పరాన్నజీవి వల్ల వస్తుందని పెంపకందారుల నమ్మకం, ఒకదాని నుంచి పక్కదానికి అంటుకుంటుంది. అయితే వెంటనే మందుకు దిగకండి. పక్కన ఏ పగడపు ముల్లో, అయిప్టేసియా అనే కుట్టే సముద్రపు పువ్వో తాకుతున్నా, ఏ చేపో కొరుకుతున్నా ఒకేచోట ఇలాగే ముడుస్తుంది. ముందు రెండు రోజులు గమనించండి. ముడత చోటు మారుతూ వ్యాపిస్తుంటేనే జబ్బు.

అప్పుడు మంచినీటి స్నానం ఇవ్వాలి. నాలుగు లీటర్ల ఆర్‌ఓ-డీఐ నీటిని ట్యాంక్ వేడికి సరిగ్గా తెచ్చి, పావు టీస్పూన్ వంటసోడా కలిపి, గంటసేపు గాలిరాయితో గాలి పట్టించండి. పీహెచ్ 8.1, 8.2 ప్రాంతంలో ఉండాలి. క్లామ్‌ను 20 నుంచి 25 నిమిషాలు ముంచి ఉంచండి. అది గట్టిగా మూసుకుంటుంది, తర్వాత కాస్త సడలుతుంది. భయపడకండి, కానీ గడియారం మీద నుంచి కళ్ళు తియ్యకండి. ట్యాంక్‌లో ఇంకో క్లామ్ ఉంటే అదే రోజు దానికీ చెయ్యాలి. రెండంగుళాల లోపువి, ఇప్పటికే నోరు తెరిచి వేలాడుతున్నవి ఈ స్నానానికి తట్టుకోలేవు.

ప్రశ్న: మా క్లౌన్ చేప క్లామ్‌లోనే పడుకుంటోంది. ముచ్చటగా ఉంది, ఉండనివ్వవచ్చా?

క్లామ్ పగలంతా తెరుచుకుని ఉంటే ఉండనివ్వండి. చేప రుద్దుడుకు రోజంతా మూసుకునే ఉంటే దానికి వెలుగు అందదు, అంటే కూడు లేదన్నమాట. అప్పుడు చేపకు వేరే ఆసరా చూపండి, లేదా క్లామ్ మీద పెద్ద కన్నాల ప్లాస్టిక్ జాలీ బుట్ట రెండు వారాలు బోర్లించండి. మరుగుజ్జు ఏంజెల్, సీతాకోక చేపలు మాత్రం క్లామ్ ఉన్న ట్యాంక్‌లోకే రాకూడదు.

ప్రశ్న: నిన్న బాగానే ఉంది. ఈరోజు చిప్పలు పూర్తిగా తెరుచుకుని, తాకినా కదలడం లేదు. ముళ్ళ పురుగులు తింటున్నాయి. నీళ్ళు మసకబారాయి.

అది పోయింది. పురుగులు చంపలేదు, చచ్చినదాన్ని తినడానికి వచ్చాయి. చిన్న ట్యాంక్‌లో కుళ్ళే క్లామ్ కొన్ని గంటల్లోనే అమ్మోనియాను చేపలు తట్టుకోలేనంతగా పెంచుతుంది. వెంటనే తీసెయ్యండి, చిప్పల్లో మిగిలిన కండ ముక్కలతో సహా. ముప్పై శాతం నీళ్ళు మార్చి, మలినాలు పీల్చే కొత్త కార్బన్ పెట్టి, గాలిరాయి వెయ్యండి. అమ్మోనియా ఆ రాత్రి ఒకసారి, తెల్లారి ఒకసారి చూడండి. మళ్ళీ కనిపిస్తే మరో ముప్పై శాతం. కారణం తెలిసేదాకా ఇంకో క్లామ్ కొనకండి.

ప్రశ్న: అండమాన్ నుంచి మాక్సిమా తెప్పిస్తామని ఒకరు చెబుతున్నారు. తీసుకోవచ్చా? అమెరికాలో ఉన్న మా అన్నయ్య పెద్ద చిప్ప తెస్తానంటున్నాడు, అదైనా ఫరవాలేదా? (విశాఖపట్నం)

రెండూ వద్దు. అండమాన్, లక్షద్వీప్ సముద్రాల్లో ఈ క్లామ్‌లు ఉన్న మాట నిజమే. కానీ మాక్సిమాను, స్క్వామోసాను, వాటికి దగ్గరి చుట్టమైన హిప్పోపస్‌ను 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 మొదటి షెడ్యూల్‌లో చేర్చారు. అంటే పులికి ఎంత రక్షణో వీటికీ అంత. పట్టడం, అమ్మడం, కొనడం, ఇంట్లో ఉంచుకోవడం అన్నీ నేరమే, జైలు శిక్ష ఉంటుంది. గట్టి పగడాలకూ ఇదే వర్తిస్తుంది. అంతర్జాతీయంగా ఈ క్లామ్‌లన్నీ వన్యజీవుల వ్యాపారాన్ని అదుపు చేసే సైటిస్ ఒప్పందం రెండో అనుబంధంలో ఉన్నాయి, అనుమతి పత్రాలు లేకుండా సరిహద్దు దాటించకూడదు. ఖాళీ చిప్ప కూడా ఈ ఒప్పందం పరిధిలోకే వస్తుంది గనుక అన్నయ్యగారికి ఈ మాట ఈరోజే చెప్పండి.

సముద్రపు ట్యాంక్ పెట్టాలన్న కోరికే ఉంటే పెంపక కేంద్రంలో పుట్టిన క్లౌన్ చేపల జంటతో మొదలుపెట్టండి. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ మన దేశంలోనే వాటి పెంపక పద్ధతులను అభివృద్ధి చేసింది.

ప్రశ్న: మా కాకినాడ తీరంలో గుల్లలు బుట్టలకొద్దీ దొరుకుతాయి. వాటిని ఉప్పునీటి ట్యాంక్‌లో పెంచుకోకూడదా?

వాటికి మాంటిల్‌లో నాచు లేదు. ఎంత దీపం పెట్టినా వాటి కడుపు నిండదు. బురదలో కూరుకుని, అటుపోటులు మోసుకొచ్చే సూక్ష్మజీవులను గంటల తరబడి వడకట్టి తినే జీవులవి. శుభ్రంగా వడపోసిన ట్యాంక్ నీళ్ళు వాటికి ఎడారి. చిప్ప మూసుకునే కొన్ని వారాలు ఉపవాసం ఉంటాయి, ఇసుకలో కూరుకుని ఉంటాయి గనుక ఎప్పుడు పోయాయో మీకు తెలియదు. కంపు కొట్టాకే తెలుస్తుంది.

పిల్లలకు గుల్ల ఎలా తింటుందో చూపించాలని ఉంటే తీరంలోనే ఒక దారి ఉంది. వెడల్పాటి తెల్ల గిన్నెలో నాలుగంగుళాల మెత్తటి ఇసుక వేసి, అక్కడి నీళ్ళే పోసి, రెండు గుల్లలను నీడలో ఉంచండి. పావుగంట కదపకుండా ఉంటే అవి ఇసుకలోకి దిగి, కాస్త తెరుచుకుంటాయి. గిన్నెలో ఒక మూల చిటికెడు బురద వదిలితే అది చిప్పల సందులోకి లాగబడటం కంటికి కనిపిస్తుంది. నీళ్ళు వేడెక్కకముందే, గంటలోపే, తీసిన చోటనే మళ్ళీ వదిలెయ్యండి. ఆ నీళ్ళుగానీ, ఆ ఇసుకగానీ ఇంటి ట్యాంక్‌లో కలపకండి.